షేము పేరు పెట్టుకున్న ద్వేషం



కొన్ని వారాల క్రితం మా పత్రికలో వచ్చిన ఒక వ్యాసంలో యాంటీసెమిటిజం అనే మాట వాడాం. చదివేవారికి అర్థం కావాలని పక్కనే షేము సంతతి పట్ల వ్యతిరేకత అని తెలుగు కూడా వేశాం. మరుసటి ఆదివారం ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని ఆపారు. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు, ఏళ్ల తరబడి సండే స్కూలు పిల్లలకు ఆదికాండము చెబుతున్నవారు. అయ్యగారూ, అరబ్బులు కూడా షేము సంతతే కదా, మరి ఒక అరబ్బు యూదుణ్ణి ద్వేషిస్తే అది షేము సంతతి వ్యతిరేకత ఎలా అవుతుందని అడిగారు. ఆ క్షణాన మా దగ్గర సరైన జవాబు లేదు. సెమినరీలో హెబ్రీ నేర్చుకున్నాం, ఆదికాండము పదో అధ్యాయం మీద ప్రసంగాలు చేశాం, ఆ మాటను ఎన్నోసార్లు చదివాం. అది ఎక్కడ పుట్టిందో, ఎవరు దాన్ని లోకం మీదికి వదిలారో మాత్రం ఆగి ఆలోచించలేదు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాం. మేము వేసిన తెలుగు తప్పని తేలింది. ఆ మాటకు షేము సంతతితో పేరులో తప్ప పనిలో సంబంధం లేదు. అది వాడుకలోకి వచ్చిన రోజు నుండి యూదుల మీద ద్వేషానికే పేరు. దానికి చలామణి తెచ్చిన మనిషి పేరు విల్‌హెల్మ్ మార్. జర్మనీ దేశస్థుడు, పత్రికా రచయిత. అవును, మాలాగే కలం పట్టి బతికినవాడు. ఈ వారం ఆయన జీవితాన్ని మీ ముందు పెడుతున్నాం. ఆయన గొప్పవాడని కాదు. ఒక్క మాట ఎంత దూరం పోగలదో ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది గనుక.

మాటకు ముందున్న కథ

ఆదికాండము పదో అధ్యాయంలో నోవహు కుమారులైన షేము, హాము, యాపెతుల వంశావళి ఉంది. 1781లో ఆగస్ట్ లూడ్విగ్ ష్లోజర్ అనే జర్మన్ చరిత్రకారుడు హెబ్రీ, అరామిక్, అరబ్బీ భాషలు ఒకదానికొకటి చుట్టాలని గుర్తించి, వాటికి షేము పేరు మీదుగా సెమిటిక్ అని పేరు పెట్టాడు. పాతనిబంధన పండితుడు ఐక్‌హోర్న్ ఆ పేరును స్థిరపరిచాడు. అది కేవలం భాషల కుటుంబానికి పెట్టిన పేరు. అది కూడా బైబిలు పట్టికతో సరిగ్గా కుదరదు. ఆదికాండములో కనాను హాము కొడుకు. అయినా కనానీయుల భాష హెబ్రీకి తోబుట్టువు లాంటిది. యెషయా ప్రవక్త తన గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో హెబ్రీని కనాను భాష అనే పిలిచాడు. ఏలాము షేము కొడుకు. ఏలామీయుల భాష మాత్రం సెమిటిక్ కుటుంబానికి చెందదు. అంటే, వంశావళి ఒకటి, భాషా కుటుంబం వేరొకటి. పండితులు సౌకర్యం కోసం పేరు అరువు తెచ్చుకున్నారు, అంతే.

మన తెలుగువారికి ఇది కొత్త సంగతేమీ కాదు. 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుండి పుట్టినవి కావనీ, వాటిది వేరే కుటుంబమనీ చూపాడు. 1856లో బిషప్ కాల్డ్‌వెల్ ఆ కుటుంబానికి ద్రావిడ భాషలని పేరు ఖాయం చేశాడు. భాషల గురించి చెప్పిన ఆ మాటలు తర్వాత మనుషుల రక్తం గురించిన మాటలుగా మారి, ఆర్యులు, ద్రావిడులు అని జనాన్ని విడదీసే వాదాలకు ఎలా పనికొచ్చాయో మనం చూస్తూనే ఉన్నాం. ఐరోపాలోనూ అదే జరిగింది. ఫ్రెంచి పండితుడు ఎర్నెస్ట్ రెనాన్ సెమిటిక్ భాషల చరిత్ర రాస్తూ, ఆ భాషలు మాట్లాడే జనుల బుద్ధే ఆర్యుల బుద్ధి కంటే తక్కువదని తేల్చేశాడు. 1860లో మోరిట్స్ స్టైన్‌ష్నైడర్ అనే యూదు పండితుడు రెనాన్ ధోరణిని విమర్శిస్తూ దానికి యాంటీసెమిటిక్ అనే విశేషణం వాడాడు. మనకు తెలిసినంతలో ఆ మాట తొలిసారి కనబడేది అక్కడే. గమనించండి, దాన్ని మొదట వాడినవాడు ఒక యూదుడు, ఆ పొరపాటును ఎత్తి చూపడానికి. తిట్టుగా కాదు, బిరుదుగా అంతకంటే కాదు. అది పండితుల పత్రికలో వచ్చి అక్కడే నిద్రపోయింది. పందొమ్మిదేళ్ల తర్వాత దాన్ని లేపి వీధిలో నిలబెట్టింది మార్ చుట్టూ చేరిన గుంపు.

నటుడి కొడుకు

విల్‌హెల్మ్ మార్ 1819 నవంబరు 16న మాగ్డెబర్గ్ నగరంలో పుట్టాడు. తండ్రి హైన్రిక్ మార్ జర్మన్ రంగస్థలం మీద పేరున్న నటుడు, నాటక దర్శకుడు. లూథరన్ కుటుంబం. మార్ పుట్టుకతో యూదుడని కొందరు రాశారు గానీ అది నిజం కాదు. తండ్రి ఏ ఊరి నాటకశాలకు మారితే కుటుంబం ఆ ఊరికి మారేది. కుర్రాడు హానోవర్‌లో, బ్రౌన్‌ష్వైగ్‌లో చదువుకుని, హాంబర్గ్‌లో, బ్రెమెన్‌లో వ్యాపారం పని నేర్చుకున్నాడు. 1839లో తండ్రి ఉన్న వియన్నాకు వెళ్లి రెండు యూదు వ్యాపార సంస్థల్లో ఉద్యోగం చేశాడు. ఆ ఉద్యోగం పోయింది. తనకు అన్యాయం జరిగిందని తర్వాత చెప్పుకునేవాడు. ఆ ఒక్క మంట నుండే అంతా పుట్టిందని మేము అనం. అయితే మనసులో దాచుకున్న కోపం ఎప్పటికైనా ఒక సిద్ధాంతం వెతుక్కుంటుందని కాపరులుగా మేము చూశాం.

1841లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ చేరాడు. రాజుల పాలన సహించలేక పారిపోయి వచ్చిన జర్మన్ కవులు, రచయితలు ఆ రోజుల్లో అక్కడ ఉండేవారు. మార్ వారిలో కలిసిపోయాడు. కమ్యూనిస్టు అన్న ఆరోపణ మీద 1843లో జ్యూరిక్ అతణ్ణి వెళ్లగొట్టింది. లోజాన్ వెళ్లి కార్మికుల రహస్య సంఘాల్లో నాయకుడయ్యాడు, పత్రిక నడిపాడు. దేవుడు లేడని బాహాటంగా రాశాడు. 1845లో లోజాన్ కూడా వెళ్లగొట్టింది. హాంబర్గ్ తిరిగి వచ్చి మెఫిస్టోఫెలెస్ అనే వ్యంగ్య పత్రిక పెట్టాడు. 1848 విప్లవం వచ్చినప్పుడు అతడు తీవ్ర ప్రజాస్వామ్యవాదుల పక్షం. సమానత్వం, ఓటు హక్కు, రాజుల అధికారానికి హద్దు, ఇవీ ఆ పక్షం కోరికలు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. యూదు ద్వేషానికి పేరు పెట్టినవాడు ఛాందసుడు కాదు, చదువులేనివాడు కాదు, రాజుల తొత్తు కాదు. పేదల పక్షాన జైలుకైనా సిద్ధమన్న యువకుల మధ్య పెరిగినవాడు. ద్వేషం ఎప్పుడూ మనకు నచ్చనివారి ఇంట్లోనే పుడుతుందని అనుకోవడం మనకు సుఖంగా ఉంటుంది. మార్ జీవితం ఆ సుఖాన్ని మనకు దక్కనివ్వదు.

ఓడిన మనిషి

విప్లవం విఫలమైంది. 1852లో మార్ అదృష్టం వెతుక్కుంటూ మధ్య అమెరికాలోని కోస్టారికా వెళ్లాడు. వ్యాపారం సాగలేదు. తిరిగి వచ్చి మళ్లీ కలమే పట్టాడు. ప్రజల విప్లవం మీద ఆశ పోయింది. ఇప్పుడు ప్రష్యా రాజ్యం చేతుల మీదుగా జర్మనీ ఒక్కటి కావాలన్నది కొత్త ఆశ.

1861లో హాంబర్గ్ నగర శాసనసభకు ఎన్నికయ్యాడు. యూదులకు పూర్తి పౌరహక్కులు ఇవ్వడం అప్పుడు నలుగురూ మాట్లాడుకుంటున్న విషయం. హాంబర్గ్‌లో ఆ హక్కుల కోసం జీవితమంతా పోరాడిన యూదు న్యాయవాది గాబ్రియేల్ రీసర్ వంటివారు ప్రజాజీవితంలో ముందున్నారు. 1862లో మార్ యూదుల అద్దం అనే అర్థం వచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం వేసి, యూదుల ప్రత్యేకత మతంలో లేదనీ, జాతిలోనే ఉందనీ, అది ప్రజాస్వామ్యంలో ఇమడదనీ వాదించాడు. అప్పటి హాంబర్గ్ దాన్ని ఆదరించలేదు. పాత మిత్రులు దూరమయ్యారు, రాజకీయ స్థానం పోయింది. ఆ రోజుల్లో అలాంటి రాతకు మనిషి మూల్యం చెల్లించవలసి వచ్చేది. పదిహేడేళ్లు గడిచేసరికి అదే రాతకు సన్మానం దొరికింది. మారింది మార్ కాదు, చుట్టూ ఉన్న సమాజం.

అతని ఇంటి సంగతి కూడా చెప్పాలి. మార్ నాలుగుసార్లు పెళ్లి చేసుకున్నాడు. మొదటి ముగ్గురు భార్యలూ యూదు మూలాలున్నవారే. 1854లో చేసుకున్న మొదటి భార్య, యూదు మతం వదిలిన ఒక వ్యాపారి కూతురు. ఆ పెళ్లి 1873లో విడాకులతో ముగిసింది. రెండో భార్య పెళ్లయిన ఏడాదిలోనే, 1874లో, కన్నుమూసింది. మూడో భార్య తల్లిదండ్రుల్లో ఒకరు యూదులు, ఒకరు క్రైస్తవులు. ఆమె అతనికి ఒక కొడుకును కని ఇచ్చింది. ఆ కాపురం 1877లో విడిపోయింది. యూదులు వేరే జాతి, వారితో కలిసి బతకడం అసాధ్యమని లోకానికి రాసినవాడి అన్నం గిన్నె ముందు కూర్చున్నది వారే. అతని సొంత కొడుకు, అతని లెక్క ప్రకారమే, ఆ జాతి వాడు కూడా. మనిషి తన సిద్ధాంతాన్నీ తన ఇంటినీ వేర్వేరు గదుల్లో పెట్టి తాళం వేసుకోగలడు.

1879

1871లో జర్మనీ ఒకే సామ్రాజ్యం అయింది. యూదులకు చట్టం ముందు సమాన హక్కులు వచ్చాయి. జనాభాలో వారు నూటికి ఒకరికి కొంచెం పైన. రెండేళ్లకే, 1873లో, వియన్నాలోనూ తర్వాత బెర్లిన్‌లోనూ షేర్ల మార్కెట్ కూలింది. కష్టపడి దాచుకున్న డబ్బు పోగొట్టుకున్నవారు వేలమంది. కర్మాగారాలు చేతివృత్తులను మింగుతున్నాయి. ఎవరో ఒకరిని వేలెత్తి చూపాలి. పాత అలవాటు చొప్పున వేలు యూదుడి వైపు తిరిగింది.

1879 తొలి నెలల్లో మార్ ఒక చిన్న పుస్తకం వేశాడు. జర్మనత్వం మీద యూదుత్వం సాధించిన విజయం అని దాని పేరుకు అర్థం. మతం కోణం నుండి కాకుండా చూసినది అని ఉపశీర్షిక. ఆ ఏడాదిలోనే అది పన్నెండు ముద్రణలు పొందింది. యూదులు క్రీస్తును చంపారనే పాత నిందను మార్ పక్కకు నెట్టేశాడు. మత హింస మూర్ఖత్వమన్నాడు, అలాంటి హింస నుండి యూదులను కాపాడుతానని కూడా అన్నాడు. తన లెక్క వేరన్నాడు. ఇది రెండు జాతుల పోరాటం, పద్దెనిమిది వందల ఏళ్లుగా సాగుతోంది, జర్మన్లు ఇప్పటికే ఓడిపోయారు అన్నది అతని వాదం. అందులో యూదుత్వం అన్నచోట సెమిటిజం అనే మాటను మార్చి మార్చి వాడాడు. భాషా పండితుల పేరు అలా ఒక జాతికి అంటుకుంది.

ఆ సెప్టెంబరు నుండి బెర్లిన్‌లో మార్ మనుషుల చుట్టూ యాంటీసెమిటిక్ అనే మాట వినబడసాగింది. మార్ తేబోయే పత్రికను గురించి ఆ నెల మొదట్లో యూదుల వారపత్రిక ఒకటి రాసిన వార్తలో ఆ విశేషణం ఉంది. ఆ శరత్కాలంలోనే మార్ యాంటీసెమిట్ల లీగ్ స్థాపించాడు. తన పేరులోనే ఆ మాట పెట్టుకున్న మొదటి సంఘం అదే. ఆ మాటను అతనే మొదట పలికాడా, అతని చుట్టూ ఉన్నవారా అని పండితులు తర్కిస్తారు. దాన్ని జెండా మీద రాసి ఎగరేసినవాడు మాత్రం అతనే.

ఇంతకీ కొత్త మాట ఎందుకు కావలసి వచ్చింది? జర్మన్ భాషలో దానికి పాత మాట ఉంది, యూడెన్‌హాస్. యూడెన్ అంటే యూదులు, హాస్ అంటే ద్వేషం. మాట వినగానే లోపలున్నదేమిటో తెలిసిపోతుంది. నేను ద్వేషిని అని సభలో చెప్పుకోవడానికి చదువుకున్నవాడు సిగ్గుపడతాడు. కొత్త మాట ఆ సిగ్గు తీసేసింది. వ్యతిరేకత అనే అర్థమిచ్చే గ్రీకు ఉపసర్గ ముందు, భాషాశాస్త్రం నుండి తెచ్చిన షేము పేరు మధ్యలో, సిద్ధాంతాలకు తగిలించే ఇస్ముస్ చివర. అంటిజెమిటిస్ముస్. వింటే ఏదో శాస్త్రం పేరులా ఉంటుంది. ద్వేషం అనే మాట అందులో ఎక్కడా కనబడదు. అదే దాని బలం. మతం మీద ద్వేషమైతే బాప్తిస్మంతో ముగియాలి. జాతి మీద ద్వేషం ముగియనక్కరలేదు. యూదుడు యేసును ప్రభువని ఒప్పుకున్నా, బల్లలో పాలుపొందినా, ఈ మాట ప్రకారం అతడు యూదుడే. అంటే ఆ మాట యూదుడి మీదే కాదు, బాప్తిస్మం మీద కూడా ఉమ్మేసింది. సంఘం దాన్ని ఆ రోజే గుర్తుపట్టి ఉండాలి.

పల్పిట్ ఏం చేసింది

గుర్తుపట్టలేదు. ఇదే ఈ కథలో మమ్మల్ని ఎక్కువగా నొప్పించే భాగం. నాస్తికుడైన మార్ లీగ్ ఏడాది తిరిగేసరికి చితికిపోయింది. దానిలో చేరినవారు కొద్దిమందే. కానీ ఆ కొత్త మాటకు కాళ్లిచ్చినవారు వేరే ఉన్నారు. బెర్లిన్ రాజాస్థాన బోధకుడు అడోల్ఫ్ స్టోకర్ 1878లో క్రైస్తవ సామాజిక కార్మిక పార్టీ పెట్టాడు. కార్మికులు దానికి ఓట్లు వేయలేదు. 1879 సెప్టెంబరులో ఆయన యూదుల మీద ప్రసంగించాడు, సభలు నిండిపోయాయి. చక్రవర్తికి వాక్యం చెప్పే నోరు ఆ మాటలు పలికితే జనం అనుమానిస్తారా? అదే నవంబరులో బెర్లిన్ విశ్వవిద్యాలయ చరిత్ర ఆచార్యుడు హైన్రిక్ ఫాన్ ట్రైచ్కె తన పత్రికలో రాసిన వ్యాసం ఆ మాటలకు గౌరవం తెచ్చింది. ఆ వ్యాసంలోని ఒక చిన్న వాక్యాన్ని అర్ధశతాబ్దం తర్వాత నాజీ పత్రిక డెర్ ష్టుర్మర్ మొదటి పేజీ అడుగున అచ్చువేసుకుంది. యూదుల హక్కులు తగ్గించాలని కోరుతూ సుమారు రెండున్నర లక్షల సంతకాలతో ఒక అర్జీ 1881లో బిస్మార్క్‌కు చేరింది. వీధిలో పుట్టిన మాట పల్పిట్ ఎక్కింది, తరగతి గదికెక్కింది, అర్జీగా మారింది. రెండేళ్లు పట్టింది.

ఎదురు నిలిచినవారు లేకపోలేదు. చరిత్రకారుడు థియోడోర్ మామ్‌సెన్‌తో పాటు డెబ్బై అయిదు మంది ప్రముఖులు 1880లో ఆ ఉద్యమాన్ని ఖండిస్తూ ప్రకటన చేశారు. మా సెమినరీ మిత్రులకు బాగా తెలిసిన ఒక పేరు ఇక్కడ చెప్పాలి. పాతనిబంధన వ్యాఖ్యానాలలో కైల్, డెలిచ్ అని రెండు పేర్లు కలిపి చెప్పుకుంటాం. ఆ ఫ్రాన్జ్ డెలిచ్ లైప్సిగ్‌లో లూథరన్ వేదపండితుడు. కొత్తనిబంధనను హెబ్రీలోకి అనువదించినవాడు. ప్రాగ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆగస్ట్ రోలింగ్ అనే యాజకుడు తల్మూదును వక్రీకరించి యూదుల మీద విషం చిమ్మే పుస్తకం రాస్తే, డెలిచ్ 1881లో దానికి జవాబుగా పుస్తకం వేసి, అందులోని తప్పుడు ఉదాహరణలను ఒక్కొక్కటిగా బయటపెట్టాడు. యూదులు క్రీస్తును నమ్మాలని ఆయన మనసారా కోరినవాడే. అందుకోసం వారి మీద అబద్ధం చెప్పవలసిన అవసరం ఆయనకు కనబడలేదు. అదే దేశంలో, అదే ఏడాదుల్లో, అదే బైబిలు చదివిన ఇద్దరు బోధకులు, స్టోకర్, డెలిచ్. ఎటు వెళ్లాలో తెలియక ఎవరూ తప్పిపోలేదు.

ఆలస్యమైన లేఖ

ఆ మాట పెరుగుతున్నకొద్దీ దాన్ని పెంచినవాడు చిన్నవాడైపోయాడు. 1882లో డ్రెస్డెన్‌లో యూదు వ్యతిరేకుల అంతర్జాతీయ సమావేశం జరిగింది. 1893 ఎన్నికల్లో ఆ పార్టీలు జర్మన్ పార్లమెంటులో పదహారు స్థానాలు గెలుచుకున్నాయి. లైప్సిగ్‌లో థియోడోర్ ఫ్రిట్ష్ అనే ప్రచురణకర్త 1887లో యాంటీసెమిట్ల కాటెకిజం అనే పుస్తకం వేశాడు. బాప్తిస్మ శిక్షణకు మనం వాడే ప్రశ్నోత్తరాల పుస్తకం పేరు అది! తర్వాతి కాలంలో హిట్లర్ దాని నుండి నేర్చుకున్నానని మెచ్చుకున్నాడు. ఆ కొత్త తరానికి ముసలి మార్ అక్కర్లేదు. వారితో అతనికి తగవులు వచ్చాయి. హాంబర్గ్‌లో నాలుగో భార్యతో, డబ్బుకు ఇబ్బందిపడుతూ బతికాడు.

డెబ్బై దాటిన వయసులో, 1891లో, మార్ ఒక యాంటీసెమిట్ మరణశాసనం అనే పేరుతో సుదీర్ఘంగా రాసుకున్నాడు. అతని జీవితాన్ని శోధించి రాసిన యెరూషలేము చరిత్రకారుడు మోషె జిమ్మర్మన్ ఆ రాతప్రతిని వెలుగులోకి తెచ్చాడు. జర్మనీ కష్టాలకు మూలం కర్మాగారాల యుగం తెచ్చిన తలకిందులే గానీ యూదులు కారని మార్ అందులో ఒప్పుకున్నాడు. తాను లేపిన ఉద్యమం కొందరి చేతిలో వ్యాపారమైపోయిందని రోసిపోయాడు. సమస్యనంతటినీ యూదుల నెత్తిన పెట్టి పొరబడ్డానని వారిని క్షమాపణ అడిగాడు. అది ఎంత లోతైన మార్పు, ఎంతవరకు పాత సహచరుల మీద కోపం అన్న చర్చ ఉంది. హృదయాలను పరిశోధించేవాడు ప్రభువు, ఆ తీర్పు మాది కాదు. మాకు తెలిసింది ఇంతే. ఆ క్షమాపణ అతని జీవితకాలంలో అచ్చు కాలేదు. నింద పన్నెండు ముద్రణలు చూసింది, పశ్చాత్తాపం ఒక్కటి కూడా చూడలేదు. 1904 జూలై 17న మార్ హాంబర్గ్‌లో చనిపోయాడు. అప్పటికి అతన్ని పెద్దగా ఎవరూ తలచుకోవడం లేదు. అతని మాట మాత్రం ఇంగ్లీషులోకి, ఫ్రెంచిలోకి, ఐరోపాలోని దాదాపు ప్రతి భాషలోకీ పాకింది.

సంఘపు రిజిస్టర్లు

మార్ పోయిన ఇరవై తొమ్మిదేళ్లకు హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. అరవై లక్షల మంది యూదులు చంపబడ్డారు. మనం అంతగా చెప్పుకోని ఒక్క సంగతి ఇక్కడ చెబుతాం. ఉద్యోగం కావాలన్నా, పెళ్లి చేసుకోవాలన్నా తాను ఆర్యుడినని నిరూపించుకునే కాగితాలు చూపాల్సి వచ్చింది. జర్మనీ అంతటా జనన మరణాలను ప్రభుత్వం నమోదు చేయడం 1876లోనే మొదలైంది. అంతకు ముందు పుట్టిన తాతముత్తాతల సంగతి తెలియాలంటే సంఘపు బాప్తిస్మ రిజిస్టర్లే ఆధారం. పాస్టర్లు, సంఘ గుమస్తాలు కూర్చుని ఆ పాత పుస్తకాలు తిరగేసి, ధృవీకరణ పత్రాలు రాసి ఇచ్చారు. రక్షింపబడినవారి పేర్లు రాసుకున్న పుస్తకం, ఎవరు చావాలో తేల్చే పుస్తకమైంది. 1935 నాటి న్యూరెంబర్గ్ చట్టాలు జాతి గురించి అని చెప్పుకున్నాయి గానీ, ఎవరు యూదుడో తేల్చడానికి తాతలు అవ్వలు ఏ మతంలో ఉన్నారని చూడడం తప్ప వాటికి వేరే దారి దొరకలేదు. రక్తంలో యూదుత్వాన్ని చూపే శాస్త్రం లేదు గనుక. 1922లో బాప్తిస్మం పొంది సన్యాసినిగా జీవించిన ఈడిత్ స్టైన్‌ను 1942లో ఆష్‌విట్స్‌లో చంపారు. బాప్తిస్మం జాతిని మార్చదన్న మాట అక్కడికి చేరింది.

ఇక పెద్దాయన అడిగిన ప్రశ్నకు చరిత్రే జవాబిచ్చింది. 1935లో నాజీ ప్రచార శాఖ తన పత్రికలకు ఆ మాట బదులు యూదు వ్యతిరేకం అని రాయమని చెప్పింది. అరబ్బులు నొచ్చుకుంటారని. తమ గురి ఎవరి మీదో వారికి ఎప్పుడూ సందేహం లేదు. ఇటీవలి కాలంలో ఇంగ్లీషులో ఆ మాటను మధ్యలో గీత లేకుండా ఒకే పదంగా రాయాలని చాలామంది కోరుతున్నది కూడా ఇందుకే. గీత పెడితే సెమిటిజం అనేది నిజంగా ఒకటి ఉన్నట్టూ, ఇది దానికి వ్యతిరేకత అన్నట్టూ ధ్వనిస్తుంది. అలాంటిదేదీ లేదు. ఉన్నది ద్వేషం ఒక్కటే.

మన సంగతి

కాబట్టి, ప్రియులారా, మా తప్పు దిద్దుకుంటున్నాం. ఇకపై ఈ పత్రికలో ఆ మాటకు తెలుగు యూదు ద్వేషం అనే ఉంటుంది. షేము పేరును అందులోకి లాగము. పెద్దాయనకు మా కృతజ్ఞతలు.

అయితే మాట దిద్దుకున్నంత తేలిక కాదు మనసు దిద్దుకోవడం. శుభ శుక్రవారం ప్రసంగాల్లో యూదులు ప్రభువును చంపారని ఎన్నిసార్లు అనలేదు మనం? ఆయనా యూదుడే, ఆయన తల్లి, అపొస్తలులు యూదులే, సిలువ వేసింది రోమా సైనికులు, కారణం మన పాపం అని అదే ఊపిరిలో చెప్పామా? కపటిని తిట్టడానికి పరిసయ్యుడు అనే మాట వాడని కాపరి మనలో ఉన్నాడా? రోమా పత్రిక పదకొండో అధ్యాయంలో పౌలు అన్యజనులమైన మనల్ని ఒలీవ చెట్టుకు అంటుకట్టిన అడవి కొమ్మలన్నాడు. వేరు మనల్ని మోస్తోంది గానీ మనం వేరును మోయడం లేదు, అతిశయపడవద్దు అని హెచ్చరించాడు. ఒక ప్రభుత్వం చేసే పనిని తప్పుపట్టడం వేరు, అది న్యాయమైన విషయం కావచ్చు. ఒక జనాంగాన్ని ద్వేషించడం వేరు. ఆ తేడా తెలియని నాలుక పల్పిట్ ఎక్కకూడదు.

ఇంకొక సంగతి, చెప్పడానికి కష్టమైనా చెబుతాం. బాప్తిస్మం పొందినా పుట్టుక మారదన్న మాట మార్ దగ్గర విని మనం ఆశ్చర్యపోవాలా? మన తెలుగు సంఘాల్లో పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ముందు అడిగే ప్రశ్న ఏది? ఒకే ఊరిలో, ఒకే మిషన్ కింద, రెండు ప్రార్థనా మందిరాలు ఎందుకు ఉన్నాయి? మనం దానికి ఆచారం అని, మావాళ్లు అని, సౌకర్యం అని మంచి పేర్లు పెట్టుకున్నాం. మార్ కూడా ద్వేషానికి ఒక మంచి పేరే పెట్టాడు. గలతీ పత్రిక మూడో అధ్యాయాన్ని నమ్మేవారు ఆ పేరు తీసి, లోపలున్నదాన్ని దాని అసలు పేరుతో పిలవాలి. పశ్చాత్తాపం అక్కడే మొదలవుతుంది.

మార్ కూడా ఒక పత్రికా సంపాదకుడే అన్న సంగతి ఈ వారమంతా మమ్మల్ని వెంటాడింది. నింద అచ్చులోకి వెళ్లినంత వేగంగా క్షమాపణ వెళ్లదు. అందుకే ఈ పేజీ మీద మా దిద్దుబాటును మొదటి స్థానంలో పెట్టాం. చిన్న నిప్పు ఎంత అడవిని తగలబెడుతుందో యాకోబు రాశాడు. మన చేతిలో అగ్గిపుల్ల ఉన్నంతవరకే దాన్ని ఆర్పడం మన వశం.

ప్రభువు మన నోటికి కావలి ఉంచునుగాక. ఆమేన్.

సంపాదకుడు